అసలు పని అంచుల దగ్గరే

పాత ఫోక్స్‌వ్యాగన్ క్యాంపర్ బండిలో టాపును పైకి నెడితే, బండి రేకుకూ ఫైబర్‌గ్లాస్ మూతకూ నడుమ ఒక గుడ్డ గోడ విచ్చుకుంటుంది. అప్పటిదాకా నడుం వంచుకుని తిరిగిన మనిషి నిటారుగా నిలబడతాడు. పైన ఇద్దరు పడుకునే చోటు తేలుతుంది. ముప్పై, నలభై ఏళ్లు తిరిగిన ఇలాంటి బండ్లలో ఇంజన్‌ను విప్పి బాగుచేసుకోవచ్చు, అల్మారాలకు పాలిష్ పెట్టుకోవచ్చు. ఎండకూ వానకూ చివికిపోయిన గుడ్డను మాత్రం కొత్తది కుట్టి బిగించాల్సిందే. ఐరోపా, అమెరికా షెడ్లలో ఇప్పటికీ చేతులతోనే సాగుతున్న ఆ పని గురించే ఈ వ్యాసం.

ఈ బండికి మూలం 1947లో డచ్చి దిగుమతి వ్యాపారి బెన్ పాన్ తన నోటుపుస్తకంలో గీసుకున్న చిన్న బొమ్మ. 1950లో జర్మనీలోని వోల్ఫ్స్‌బుర్గ్‌లో తయారీ మొదలైంది. మరుసటి ఏడాదే వీడెన్‌బ్రూక్ పట్టణంలోని వెస్ట్‌ఫాలియా సంస్థ దానిలో అమర్చే ‘క్యాంపింగ్ బాక్స్’ను తెచ్చింది. వారమంతా సరుకులు మోసిన బండి ఆదివారం నాటికి ఇల్లయ్యేది. ఇంగ్లండులో ఫోక్‌స్టన్ పట్టణపు మార్టిన్ వాల్టర్ సంస్థ ‘డోర్మొబిల్’ పేరుతో పక్కకు తెరుచుకునే టాపులు చేసింది. వాటి చారల గుడ్డను దూరం నుంచే గుర్తుపట్టొచ్చు. 1979లో వచ్చిన మూడో తరం బండికి వెస్ట్‌ఫాలియా పెట్టిన టాపుకు కీలు వెనకవైపు ఉంటుంది, ముందుభాగం పైకి లేస్తుంది. ఇప్పుడు మరమ్మతుకు వచ్చేవాటిలో ఇవి చాలానే ఉంటాయి కనుక వీటినే దృష్టిలో పెట్టుకుని చెబుతాను.

టాపులోంచి నీరు కారుతోందనగానే అందరూ గుడ్డను తప్పుపడతారు. చాలాసార్లు తప్పు గుడ్డది కాదు, అంచులది. మూత చుట్టూ ఉండే రబ్బరు బీడింగ్ ఏళ్లు గడిచేకొద్దీ గట్టిపడి పగుళ్లిస్తుంది. ఆ పగుళ్లలో దిగిన నీరు గుడ్డ కింది అంచున నిలుస్తుంది. అక్కడే రేకుకు తుప్పు పడుతుంది, గుడ్డకు బూజు పడుతుంది. కొత్త గుడ్డ తెచ్చి పాత బీడింగ్ మీదే బిగించేవాళ్లు డబ్బుతో పాటు తమ శ్రమను కూడా వృథా చేసుకుంటున్నారు. ఈ పనిలో నేను అన్నిటికన్నా గట్టిగా చెప్పదలచుకున్నది ఇదే.

విప్పడం తొందరపడి చేసే పని కాదు. ముందు మూత కింద గట్టి కర్రలు పోటు పెట్టాలి. పక్కన ఇంకొకరు ఉండితీరాలి. గుడ్డ పై అంచు పట్టీలతో మూతకూ, కింది అంచు బండి రేకు కోత చుట్టూరా బిగించి ఉంటాయి. మోడల్‌ను బట్టి కొన్నిచోట్ల స్క్రూలు, కొన్నిచోట్ల స్టేపుల్ పిన్నులు కనిపిస్తాయి. ఒక్కొక్కటీ ఓపిగ్గా పీకాలి. పాత గుడ్డ చిరిగినదైనా సరే, చింపకుండా ఒకే ముక్కగా దించాలి. ముందు ఏది, వెనక ఏది, నడిమి గీత ఎక్కడ అన్నది దాని మీదే సుద్దతో గుర్తులు పెట్టుకోవాలి. కొత్తది కత్తిరించడానికి దాన్ని మించిన కొలత మరొకటి లేదు.

గుడ్డ దిగాక రేకు అంచు బయటపడుతుంది. తుప్పును ఎమిరీ పేపరుతో రేకు మెరిసేదాకా గీకి, ప్రైమరు వేసి, రంగు వేసి, పూర్తిగా ఆరనివ్వాలి. పాత స్క్రూల బెజ్జాలు వదులైతే పూడ్చాలి. కొత్త స్క్రూలు, పిన్నులు స్టెయిన్‌లెస్ స్టీలువే వాడాలి. మామూలు ఇనుపవైతే వాటి తుప్పు మరకలు మళ్లీ గుడ్డకే ఎక్కుతాయి.

ఇక గుడ్డ ఎంపిక. చిక్కగా నేసిన నూలు కాన్వాస్‌కు ఒక గొప్ప గుణం ఉంది. తడిస్తే దారం ఉబ్బి, పడుగు పేకల నడుమ సందులు మూసుకుంటాయి. ఆరితే మళ్లీ తెరుచుకుని, లోపల పడుకున్నవారి ఊపిరి తేమను బయటికి పంపుతాయి. నేతగాళ్ల ఊళ్లు తెలిసిన మన పాఠకులకు దీన్ని వేరే వివరించనక్కర్లేదు. దారం తయారయ్యేటప్పుడే రంగు కలిపిన అక్రిలిక్ గుడ్డ ఎండకు త్వరగా వెలవదు, బూజునూ బాగా తట్టుకుంటుంది. వినైల్ పూత గుడ్డలోంచి నీరు రాదు కానీ గాలీ ఆడదు, తెల్లవారేసరికి లోపలి గోడ చెమర్చి ఉంటుంది. నా ఓటు నూలుకే. ఏడాదికోసారి వాడి మిగతా రోజులు మూసిపెట్టేవారు మాత్రం అక్రిలిక్ తీసుకోవడం మేలు.

కుట్టుకు పాలియెస్టర్ నడుమ, నూలు పైన ఉండే దారం మంచిది. బలం లోపలి పోగుది. పై నూలు తడిసి ఉబ్బి సూది బెజ్జాలను మూసేస్తుంది. అతుకులు మడతలో మడత పెట్టి రెండు వరసలు కుట్టాలి. వెనకటి గుడ్డలకు ముందువైపు ఒక్క కిటికీతో సరిపెట్టేవారు. ఇప్పుడు మూడు వైపులా జిప్పులు, దోమతెరలతో కుట్టించుకుంటున్నారు. గాలి ధారాళంగా ఆడుతుంది, నిజమే. కానీ ఎన్ని జిప్పులు పెరిగితే రేపు మరమ్మతు చేయాల్సిన చోట్లు అన్ని పెరుగుతాయి.

బిగించడానికి ఎండ కాసే రోజు చూసుకోవాలి, వెచ్చబడితే గుడ్డ మెత్తగా లొంగుతుంది. ముందుభాగం నడిమి గుర్తు దగ్గర మొదలుపెట్టి, కుడికి కొంచెం, ఎడమకు కొంచెం జరుగుతూ పై అంచును తాత్కాలికంగా నిలపాలి. ఒక మూల నుంచి బిగించుకుంటూ పోతే, నవారు ఒక్కవైపే లాగిన మంచంలా టాపంతా పక్కకు గుంజుకుపోతుంది. తర్వాత మూతను కాస్త దించి కింది అంచు అందేలా చేసుకుని, అదే వరసలో పట్టీ కింద పెట్టాలి. మూలలు చివరికి. అన్నీ కుదిరాయనుకున్నాక మూతను నెమ్మదిగా పైకెత్తి ముడతలు చూడాలి, దించి మడతలు లోపలికే పడుతున్నాయో లేదో చూడాలి. మడత బయటికి వచ్చి మూత కింద నలిగితే కొత్త గుడ్డ కూడా కొద్ది రోజుల్లోనే తెగుతుంది. గుడ్డను చర్మంలా లాగి బిగించాలని కొత్తవారు అనుకుంటారు. నూలు తడిస్తే కుంచించుకుంటుంది కనుక కాస్త వదులు ఉంచాల్సిందే. ఆ వదులు ఎంతన్నది పుస్తకంలో దొరకదు, చేతికే తెలుస్తుంది. ఇదంతా సరిపోయాకే చివరి స్క్రూలు, ఆ పైన కొత్త బీడింగ్.

నూలు గుడ్డయితే అప్పుడే ప్రయాణానికి బయల్దేరకూడదు. పైపు నీళ్లతో బాగా తడిపి, టాపు ఎత్తి ఉంచే ఆరబెట్టాలి. సూది బెజ్జాలు అప్పుడు సర్దుకుంటాయి. సబ్బు తగిలితే నీటిని ఆపే పూత పోతుంది కనుక మురికిని మెత్తని బ్రష్షుతో, ఉత్త నీళ్లతో పోగొట్టాలి. వానలో తడిసిన టాపును మూసి ఇంటికి రావాల్సి వస్తే, చేరగానే మళ్లీ ఎత్తి ఆరనివ్వాలి.

కొత్త బండ్లు కొనగలిగినవారు సైతం ఇంత కష్టం ఎందుకు పడుతున్నారన్నది న్యాయమైన ప్రశ్నే. ఈ టాపులో మోటారు లేదు, కంప్యూటర్ లేదు. పాడైన ప్రతి భాగమూ కంటికి కనిపిస్తుంది, చేతికి అందుతుంది. కుట్టుమిషన్, స్క్రూడ్రైవర్ ఉన్న మనిషి దీన్ని తిరిగి నిలబెట్టగలడు. మన ఆటోనగర్లలో జీపులకు, ఆటోలకు టాపులు కుట్టే పనివారు కూడా ఇలాంటి విద్యతోనే బతుకుతున్నారు. వారికి దక్కాల్సినంత గౌరవం దక్కలేదని నా నమ్మకం.

అమెరికాలోనో ఇంగ్లండులోనో పాత వెస్ట్‌ఫాలియా కొనాలని చూస్తున్న తెలుగువారికి ఒక మాట. లోపలి అల్మారాలు, పొయ్యి చూసి ముచ్చటపడకముందే టాపు ఎత్తించండి. బీడింగ్ నొక్కి చూడండి, దాని కింద రేకు అంచు వెంట వేలు పోనివ్వండి, గుడ్డను వాసన చూడండి. చివికిన గుడ్డకు భయపడి బేరం వదులుకోకండి. అంచు తుప్పు తిని చిల్లులు పడితే మాత్రం ఆ బండి జోలికి పోకండి.