వ్యాసమునకు పాఠకు డెవరు?

విద్యార్థి ఇంటివద్ద కూర్చుండి వ్రాసిన వ్యాసమును చదువువాడు లోకమున ఒక్కడే. అతడు అధ్యాపకుడు. అతడైనను ఎఱ్ఱసిరాతో తప్పులు వెదకుటకే చదువును. మేము చదువుకొన్న దినములలో ఆవును గూర్చి వ్రాయుమనగా, ఆవు సాధుజంతువని వ్రాసితిమి. మా ఇంటి ఎఱ్ఱావు ఆ యేడు ఇద్దరిని పొడిచిన సంగతి వ్రాయదగినదిగా మాకు తోచనే లేదు. పదింట ఆరు మార్కులు వచ్చినవి. అటుపిమ్మట ముప్పదియేండ్లు గుమాస్తాగా కాగితములు వ్రాసితిమి. అందు సగము ఎవరును చదువరని ఎరిగియే వ్రాసితిమి. ఆ విద్య మాకు బడిలోనే అబ్బినదని ఇప్పుడు తోచుచున్నది.

ఈ మాట ఇప్పుడు ఎత్తుటకు కారణమున్నది. మా కల్లావిలో పొరుగింటి బాలిక యొకతె సరిహద్దు దాటి ఆంధ్రదేశపు కళాశాల యొకదానిలో చదువుచున్నది. అచ్చటి తెలుగు అధ్యాపకుడు ఇంటిపనిని క్రొత్త తీరున ఏర్పరచెను. తరగతి కంతటికి ఒక పెద్ద పుస్తకము. వారమున కొక్కసారి ప్రతి విద్యార్థియు తాను చూచినదో విన్నదో అందు వ్రాయవలెను. తక్కినవారు చదివి క్రింద తమ మాట చేర్చవలెను. సెలవులలో ఆ పుస్తకము ఈ బాలిక వంతుకు వచ్చినది. రెండుదినములు మాయొద్ద నుంచుకొని మొదటినుండి తుదివరకు చదివితిమి.

ఆమె వ్రాత చింతపండును గూర్చినది. మాసి నెల దాటగానే మావైపు ఇంటింట చింతకాయలు కుప్పపోయుదురు. పెచ్చు ఒలుచుట, నార తీయుట, గింజ కొట్టుట ఆడువారి పని. కూలి తూకము మీద. ‘మా అవ్వ గింజ కొడతా ఉంటే చేతిని చూడదు, టీవీనే చూస్తా ఉంటాది’ అని ఆమె వ్రాసినది. అధ్యాపకుడు ‘ఉంటాది’ని కొట్టి ‘ఉంటుంది’ అని దిద్దెను. క్రింద పలమనేరు వైపు విద్యార్థిని యొకతె, ‘మీరు దేని మీద పెట్టి కొడతారు? మా అవ్వ రాయి మీద పెట్టి ఇనప కడ్డీతో కొడుతుంది, వేలు చితికింది’ అని అడిగినది. ఆ ప్రశ్నకు జవాబుగా మా బాలిక మరునాడు మూడుపుటలు వ్రాసినది. కూలి యెంత, ఎవ రిత్తురు, చేతుల మంట ఆరుటకు రాత్రి ఏమి రాయుదురు, ఇవన్నియు ఆ మూడుపుటలలోనివే. ఎఱ్ఱసిరా దిద్దుబాటు ఒక క్రియాపదమును మార్చినది. ఒక పాఠకురాలి ప్రశ్న మూడుపుటలు వ్రాయించినది. ఈ పద్ధతిని మేము మెచ్చుట ఇందువలననే.

అయినను మెచ్చికోలుతో ఆగుటకు వీలులేదు. నాలుగవ వారమునుండి పుస్తకము స్వభావము మారినది. ప్రతివాడును వారమునకు రెండు అభిప్రాయములు వ్రాసితీరవలెననియు, లెక్కకు తక్కువైన మార్కులు తగ్గుననియు నియమము పెట్టిరి. అంతట ‘చాలా బాగుంది’, ‘అద్భుతం’, ‘ఇంకా రాయి’ అను మూడు వాక్యములు పుటలనిండ నిండినవి. మా కచేరీలో ఫైలు అంచున పొట్టి సంతకము పెట్టి తరువాతి బల్లకు తోయుట మాకు జ్ఞాపకము వచ్చినది. చదివినట్లు సాక్ష్యము కలదు, చదువుట మాత్రము లేదు. రెండు వ్యాసములైతే వ్రాసినవాడు కూడ చదివియుండడు. ఫోనునడిగిన క్షణములో వ్యాసము తయారగు కాలమిది. పలమనేరు బాలిక అడిగిన వంటి ప్రశ్నను నియమము పుట్టించలేదు. అధ్యాపకుడు తాను కూడ నిజమైన ప్రశ్న లడిగి దారి చూపవచ్చును గాని, లెక్కపెట్టి రప్పింపలేడు.

ఇంకొక లోపము దీనికన్న బరువైనది. ఒక బాలుడు తన తండ్రి అప్పును గూర్చి వ్రాసెను. అప్పిచ్చినవాని పేరును వ్రాసెను. అది నలుబదిమంది చదువు పుస్తకము. ఆ పుట తరువాత ఆ బాలుడు వ్రాసినవన్నియు వానను గూర్చియు, పండుగలను గూర్చియు మాత్రమే. అధ్యాపకునికి మాత్రమే చూపదలచిన పుటను మడిచి యుంచు స్వాతంత్ర్యము మొదటి దినముననే ఈయవలసినది. ఇంత చిన్న ఏర్పాటు తోచకపోవుట మాకు వింతగా నున్నది.

ఈ ఆలోచన క్రొత్తదేమి కాదు. ఫ్రాన్సు దక్షిణమున బార్-సుర్-లూ గ్రామపు బడిలో సెలెస్తాఁ ఫ్రెనే అను ఉపాధ్యాయుడు 1920ల నడుమ చిన్న అచ్చుయంత్రమును తరగతిలో పెట్టెను. పిల్లలు తమ సంగతులు తామే వ్రాసి, తామే అక్షరములు కూర్చి అచ్చువేసి, దూరపు బడిపిల్లలకు పంపెడివారు. తమ నెరుగనివాడు చదువునన్నప్పుడు పిల్లవాడు తన యూరిని విడమరచి చెప్పవలసి వచ్చును గదా.

మన దేశమున ఈ వాదము మరియొక రూపమున వచ్చినది. గిడుగు రామమూర్తి, గురజాడ అప్పారావు, పి. టి. శ్రీనివాస అయ్యంగారు, పాఠశాలల పరీక్షాధికారి యేట్సుదొర, వీరు నలుగురును విద్యార్థి వ్యాసమును ఏ తెలుగులో వ్రాయవలెనన్న ప్రశ్నను లేవనెత్తిరి. 1912-13లో స్కూలుఫైనలు విద్యార్థులు వ్యాసమును కావ్యభాషలోగాని ఆధునికభాషలోగాని వ్రాయవచ్చునని అనుమతి వచ్చినది. జయంతి రామయ్య పంతులు మొదలగువా రెదిరించిరి. కొద్దికాలముననే ఆ వెసులుబాటు పోయినది. 1914లో గురజాడ మద్రాసు విశ్వవిద్యాలయమునకు తన అసమ్మతి పత్రమును సమర్పించెను. ఆనాడు సేలం జిల్లాలోనున్న మా ప్రాంతమును ఆ విశ్వవిద్యాలయపు నీడలోనిదే. నూరేండ్ల పైబడిన తరువాత ‘ఉంటాది’ మీద ఎఱ్ఱగీత చూచినప్పుడు ఆ తగవు ముగిసినదని మేమనలేము. శిష్టవ్యావహారికము గెలిచినది గాని, కల్లావి అవ్వ మాట ఇంకను గుమ్మము వెలుపలనే ఉన్నది. మేమీ వ్యాసమును పాతతీరున వ్రాయుచు ఆ అవ్వ పక్షము మాటాడుట చూచి చదువరులు నవ్వవచ్చును. మాకు బడి నేర్పిన చేయి ఇది, వేరొకటి పట్టుబడలేదు.

మాకిది సాహిత్యవినోదము కాదు. తమిళనాట 2006లో వచ్చిన తమిళాభ్యసన చట్టము ఒకటవ తరగతినుండి ఏటేట పైకి సాగి 2015-16లో పదవ తరగతిని చేరినది. అటుపిమ్మట న్యాయస్థానములు భాషాల్పసంఖ్యాకులకు పరీక్షలో మినహాయింపు లిచ్చుచు వచ్చినవి. తమిళము నేర్చుట మేలే. మేమును దానితోనే అన్నము తిన్నాము. అయితే ఇంట తెలుగు మాటాడు పిల్లలు పలువురు దానిని వ్రాయలేరు. ఈ బాలికయే బడిలో రెండేండ్లు తెలుగు చదివి విడిచి, కళాశాలకు పోవు వేసవిలో మా అరుగుమీద కూర్చుండి గుణింతములు మరల దిద్దినది. ఇట్టి చేయి మొదటిసారి తన అవ్వను గూర్చి వ్రాసినప్పుడు మొదట దిద్దవలసినది క్రియాపదము కాదని మా అభిప్రాయము. ఒత్తులు, దీర్ఘములు దిద్దవచ్చును. అవి లేక చదువరికి అర్థము కాదు. ‘ఉంటాది’ అందరికి అర్థమగుచున్నది.

పుస్తకమును తిరిగి ఇచ్చుటకు ముందు మేమును ఆ చింతపండు వ్రాత క్రింద ఒక ప్రశ్న వ్రాయదలచితిమి. ఏ తెలుగున వ్రాయవలెనో తోచక కొంతసేపు కలము పట్టుకొని కూర్చుంటిమి. తుదకు ‘కొట్టిన గింజల్ని ఏమి చేస్తారమ్మా?’ అని వ్రాసితిమి. పుస్తకము సోమవారమునాడు కళాశాలకు పోయినది. జవాబు ఇంకను చూడలేదు.