కత్తి పట్టకముందు జరిగే పని

చెవిదొప్ప ముడుచుకుపోయి, చెవి రంధ్రమే లేకుండా బిడ్డ పుడితే ఇంట్లో మొదట లేచే మాట, "గ్రహణం నాడు బయట తిరిగావా?" అని. ఆ నింద మోసుకుంటూనే తల్లి ఆసుపత్రికి వస్తుంది. హైదరాబాద్ కంచన్‌బాగ్‌లో ఒవైసీ, అపోలో ఆసుపత్రులున్నాయి, కోఠీలో ప్రభుత్వ ఈఎన్‌టీ ఆసుపత్రి ఉంది. ఎక్కడికెళ్లినా తండ్రి అడిగేది ఒకటే: "చిన్న రంధ్రం పెడితే వినబడదా డాక్టర్‌గారూ?" మంచి సర్జన్ ఆ ప్రశ్నకు వెంటనే జవాబు చెప్పరు. ఆ నిదానం వెనకున్న పనితనమంటే నాకు ఎంతో గౌరవం.

గ్రహణానికీ దీనికీ ఏ సంబంధమూ లేదు. గర్భంలో చెవి కాలువ ఏర్పడటం మధ్యలో ఆగిపోతుంది. సుమారు 10 వేల నుంచి 20 వేల కాన్పులకు ఒకరిలో, ఎక్కువగా ఒక్క చెవికే ఇలా అవుతుంది. లోపలి చెవి వేరుగా ఎదుగుతుంది కాబట్టి చాలామందిలో బాగానే ఉంటుంది. అది రుజువు చేసుకోవడమే మొదటి పని. బిడ్డ నిద్రలో ఉండగా చెవి వెనక ఎముకకు కంపనం ఆనించి, శబ్దానికి నరం, మెదడు ఎలా స్పందిస్తున్నాయో చూసే బెరా పరీక్ష చేస్తారు. ఎముక గుండా శబ్దం రెండు వైపులకూ పోతుంది. రెండు చెవులూ మూసుకుపోయిన బిడ్డలో ఏ చెవి పలికిందో తేల్చడానికి ఆడియాలజిస్టుకు చాలా ఓర్పు కావాలి.

సీటీ స్కాన్‌కు సాధారణంగా ఐదేళ్లు వచ్చేదాకా ఆగుతారు. దాన్ని చదవడానికి అమెరికన్ సర్జన్ రాబర్ట్ జార్స్‌డోర్ఫర్ బృందం 1992లో పది మార్కుల పద్ధతి ఇచ్చింది. అంకవన్నె ఎముకకు రెండు మార్కులు. శరీరంలోకెల్లా చిన్న ఎముక అదే, కానీ అది లేకపోతే శబ్దం లోపలికి సరిగా చేరదు. సుత్తి-దాగలి ఎముకల జంట, దాగలికీ అంకవన్నెకూ మధ్య అతుకు, లోపలి చెవి కిటికీలు రెండూ, మధ్య చెవి ఖాళీ, వెనక ఎముకలోని గాలి గదులు, ముఖ నరం, వీటికి తలా ఒకటి. ఇంటిల్లిపాదీ బెంగపడే చెవిదొప్ప రూపానికీ ఒకటే.

అసలు నైపుణ్యం ముఖ నరం దగ్గర తెలుస్తుంది. మామూలు చెవిలో అది వెనకగా మలుపు తిరిగి కిందికి దిగుతుంది. ఈ పిల్లల్లో మలుపు బిగుసుకుని, నరం ముందుకు జరిగి, సరిగ్గా డ్రిల్లు వెళ్లాల్సిన చోటికే రావచ్చు. మిల్లీమీటరు కన్నా పలచని స్కాన్ పొరలను తెర మీద ముందుకూ వెనక్కూ జరుపుతూ, నరం ఎక్కడ మొదలై ఎక్కడ బయటపడుతుందో వెతుకుతారు. అది తెగితే ముఖంలో ఆ పక్క జారిపోతుంది.

ఎనిమిది, అంతకన్నా ఎక్కువ మార్కులొస్తే వినికిడి బాగుపడే అవకాశం బలంగా ఉంటుంది. ఐదు, అంతకన్నా తక్కువైతే ఆపరేషన్ వద్దనే చెబుతారు. ఆశతో వచ్చిన తల్లిదండ్రులకు అలా చెప్పగలగడం డ్రిల్లు పట్టడం కన్నా కష్టమని నా నమ్మకం.

వద్దన్నంత మాత్రాన బిడ్డను వదిలేసినట్టు కాదు. నెలల వయసులోనే తలకు మెత్తటి బ్యాండ్ కట్టి, ఎముక ద్వారా శబ్దం పంపే యంత్రం పెట్టొచ్చు. ఎదిగాక పుర్రె ఎముకలో టైటానియం మర బిగించి దానికే యంత్రాన్ని తగిలించొచ్చు.  ఎముక టైటానియాన్ని పరాయిదనుకోదు, దాని చుట్టూ పెరిగి పట్టేసుకుంటుంది. రెండు చెవులూ మూసుకుపోయిన బిడ్డకైతే ఆ బ్యాండ్ స్కాన్ కోసం, మార్కుల కోసం ఆగకూడదు. మాటలు నేర్చే ఏడాదిలోనే తలకు ఎక్కాలి.