‘యాదృచ్ఛికం’ అనే మాట గురించి

అమెరికా ప్రభుత్వం విదేశీ గూఢచర్యం పేరిట సాగించే నిఘా చట్టాన్ని సంస్కరించాలన్న వాదన కొత్తది కాదు. అందులో న్యాయవాదులు, సెనేటర్లు, చివరికి కంపెనీల వాళ్ళు కూడా మాట్లాడారు. సాహిత్య విమర్శకుడికి అక్కడేం పని అని అడగవచ్చు. ఉందనే నేనంటాను. ఏ రచననైనా చేతిలోకి తీసుకుని, ఇందులో మనిషిగా కనబడేదెవరు అని అడగడం మన వృత్తి. చట్టం కూడా ఒక రచనే.

1978లో ఆ చట్టం పుట్టినప్పుడు దానికొక ప్రజాస్వామిక స్వభావం ఉన్నమాట కాదనలేం. వియత్నాం యుద్ధ వ్యతిరేకుల మీద, మార్టిన్ లూథర్ కింగ్ వంటి పౌరహక్కుల నాయకుల మీద ప్రభుత్వం ఏళ్ళ తరబడి వేగు నడిపిందని 1975–76లో సెనేటర్ ఫ్రాంక్ చర్చ్ కమిటీ బయటపెట్టింది. దాని ఫలితంగానే ఒక ప్రత్యేక న్యాయస్థానం ఏర్పడింది. ఎవరిమీద నిఘా వేయదలిచారో ఆ మనిషి సంగతి జడ్జి ముందు పెట్టాలన్నారు. 2008లో చేరిన 702వ సెక్షన్ దీన్ని తలకిందులు చేసింది. అమెరికా వెలుపలి విదేశీయుల విషయంలో కోర్టు పద్ధతులను మాత్రం ఆమోదిస్తుంది. గురి ఎవరన్నది అధికారులే తేలుస్తారు. 2023లో అటువంటి ‘గురులు’ సుమారు 2,68,000.

ఇక భాష సంగతి. విదేశీయుడితో మాట్లాడిన అమెరికన్ మాటలు కూడా పట్టుబడితే దాన్ని ‘యాదృచ్ఛిక’ సేకరణ అంటారు. గోదావరిలో పులస కోసం వల వేసినవాడు చిన్న చేపలు కూడా పడ్డాయంటే నమ్ముతాం. వాటిని బుట్టలో వేసుకుని, ఏళ్ళ తరబడి దాచి, కావలసినప్పుడు పేరు పెట్టి వెతుకుతుంటే ఇక యాదృచ్ఛికం ఎక్కడ మిగిలింది? ఎఫ్‌బీఐ 2021లో అమెరికన్ల వివరాలతో అలా వెతికిన సార్లు 34 లక్షల దాకా ఉన్నాయని ప్రభుత్వమే లెక్క చెప్పింది. ‘సేకరణ’ అన్న మాట ఇంకా విచిత్రం. 2016 దాకా అమల్లో ఉన్న 1982 నాటి రక్షణశాఖ నిబంధన ప్రకారం, ఉద్యోగి తన పనికోసం స్వీకరించేదాకా సమాచారం ‘సేకరించినట్టు’ కాదు. ధాన్యం గాదెలో పోసుకున్నా సరే, అన్నం వండేదాకా దొంగతనం కాదన్నమాట!

రచయితలకు ఇది పరాయి విషయం కాదు. 2008 చట్టాన్ని సవాలు చేసిన సంస్థల్లో అమెరికన్ రచయితల సంఘం పెన్ ఒకటి. మీమీద నిఘా ఉందని మీరు రుజువు చెయ్యలేదు కనుక దావాకు అర్హత లేదని 2013 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు 5–4 తీర్పుతో తిప్పిపంపింది. రహస్యంగా జరిగేదాన్ని రుజువు చేసేదెలా? అదే ఏడాది, స్నోడెన్ పత్రాలు వెలుగులోకి వచ్చాక, పెన్ తన సభ్యులను అడిగితే ఆరుగురిలో ఒకరు నిఘా భయంతో ఏదో ఒక విషయం జోలికి పోవడం మానుకున్నామన్నారు.

అమెరికన్ల సమాచారం వెతకడానికి వారంట్ ఉండాలన్న సవరణ 2024 ఏప్రిల్ 12న ప్రతినిధుల సభలో 212–212తో వీగిపోయింది. చట్టాన్ని మరో రెండేళ్ళకు పొడిగించారు. ఆ సవరణ నెగ్గవలసిందే. అయినా సంస్కరణవాదుల రచనలో కూడా మనిషిగా కనబడేది అమెరికన్ ఒక్కడే. విదేశీయుడు కేవలం కర్మకారకం. డల్లాస్‌లో హెచ్-1బి వీసా మీద పనిచేసే తెలుగు కుర్రవాడు అక్కడున్నంత కాలం 702 కింద గురి కాకూడదు. సంక్రాంతికి తెనాలి వస్తే ఆ రక్షణ పోతుంది. అతని దగ్గర విదేశీ గూఢచర్యానికి పనికొచ్చే సమాచారం ఉండవచ్చని అధికారి భావిస్తే చాలు. మనిషి మారలేదు, విమానం ఎక్కాడంతే. 2013 మార్చి ఒక్క నెలలో ఇంటర్నెట్ నుంచి భారతదేశానికి సంబంధించి 630 కోట్ల వివరాలు అందాయని స్నోడెన్ పత్రం చెప్పింది. 2022లో అధ్యక్షుడి ఉత్తర్వు విదేశీయుల ఫిర్యాదులకు ఒక దారి తెరిచింది. 2023, 2024 సంవత్సరాల్లో దానికి యూరోపియన్ యూనియన్ దేశాలు, బ్రిటన్, స్విట్జర్లాండ్ అర్హత పొందాయి. మనకు ఆ భాగ్యం పట్టలేదు.

మన ఇంటి సంగతి వేరే చెప్పాలి. 1885 టెలిగ్రాఫ్ చట్టం కింద టెలిఫోన్లు వినడానికి న్యాయమూర్తి ఉత్తర్వు అక్కరలేకపోయేది. 1996లో సుప్రీంకోర్టు కొన్ని కట్టుబాట్లు విధించినా, సంతకం హోంశాఖ కార్యదర్శి చేతిలోనే ఉంచింది. 2023 టెలికమ్యూనికేషన్ల చట్టం వినే అధికారాన్ని వదులుకోలేదు. ఆ చట్టంలోని మాటలను కూడా ఒక్కొక్కటిగా విప్పి చూడవలసి ఉంది. వచ్చే సంచికకు మిత్రులెవరైనా ఆ పని తలకెత్తుకుంటే సంతోషిస్తాను.