రేకు కింద జిగురు

కారు కొనబోయేవాళ్లు చాలామంది ఇంజిన్ సంగతి తర్వాత చూసుకుంటారు. ముందు డోర్ తీసి వేస్తారు. ‘దబ్’మంటే బండి గట్టిది, ‘డబడబ’మంటే డబ్బా. ఆ తీర్పును తిరగరాసే పని ఒకటి కార్ యాక్సెసరీస్ షాపుల్లో నడుస్తోంది. డోర్ లోపలి ప్యాడ్ విప్పి, పలచటి రేకుకి నల్లటి బ్యూటైల్ రబ్బరు షీట్ అంటిస్తారు. దాని పైన మెరిసే అల్యూమినియం పొర. షాపువాళ్లు డ్యాంపింగ్ షీట్ అంటారు.

ఆ పని చూడటం నాకిష్టం. కుర్రాడు ముందు రేకు మీది జిడ్డూ దుమ్మూ తుడిచేస్తాడు. షీట్ పెట్టి చిన్న రోలర్‌తో రుద్దుతాడు. అల్యూమినియం మీద అచ్చుపోసిన గళ్లు అణిగి నున్నగా అయ్యేదాకా రుద్దాలి. గళ్లు ఇంకా కనిపిస్తున్నాయంటే పని సగమే అయినట్టు. కింద గాలి బుడగ మిగిలిన చోట షీట్ ఉన్నా లేనట్టే.

కిటుకంతా ఆ అతుక్కోవడంలోనే ఉంది మరి. మెత్తటి జిగురు ఊరికే పూస్తే, రేకు వంగినప్పుడు అదీ దాంతోపాటు కాస్త సాగి ఊరుకుంటుంది. పైన గట్టి పొర వేశామా, అది సాగనివ్వదు. కింది రేకు ఒకవైపు లాగుతుంది, పై రేకు రానంటుంది, మధ్యలో జిగురు నలుగుతుంది. ఓ పేపర్ని నాలుగు మడతలు పెట్టి వంచండి, కాగితాలు ఒకదాని మీద ఒకటి జారతాయి. జిగురు పడే పాట్లు ఆ జారుడులోనే. ఊగే రేకులోని శక్తి అక్కడ వేడిగా మారిపోతుంది. ఆ వేడి చేతికి అందదు గానీ, మోత తగ్గిన సంగతి చెవికి తెలుస్తుంది. ఊపును మింగే గుణానికి ఇంజినీర్లు లాస్ ఫ్యాక్టర్ అని ఓ కొలత పెట్టుకున్నారు. విడి ఉక్కుకి అది 0.001 కూడా దాటదు. ఇలాంటి పాలిమర్లకు 1 దరిదాపుల్లో ఉంటుంది. అందుకే గంటను లోహంతో పోస్తారు, రబ్బరుతో కాదు.

ఈ మూడు పొరల లెక్కను 1959లో పక్కాగా కట్టినవాడు ఎడ్వర్డ్ కెర్విన్. అమెరికాలో బోల్ట్ బెరానెక్ అండ్ న్యూమన్ అనే ధ్వనిశాస్త్ర కంపెనీ ఉద్యోగి. పదేళ్లకు ఇంటర్నెట్‌కి పూర్వరూపమైన ఆర్పానెట్‌కి తొలి యంత్రాలు కట్టిందీ ఆ కంపెనీయే. చప్పుడు ఆపడంతో మొదలై ఎక్కడ తేలారో చూడండి! ఇదే కిటుకుతో, ఉక్కు పలకల మధ్య పాలిమర్ పెట్టిన డ్యాంపర్లు న్యూయార్క్ వరల్డ్ ట్రేడ్ సెంటర్ టవర్లలో ఒక్కో దానికి సుమారు 10,000 బిగించారు. గాలికి భవనం ఊగి లోపలివాళ్లకు కడుపులో తిప్పకుండా.

మన దగ్గర కారు డోర్‌లోని షీట్‌కి అసలు పరీక్ష ఎండ. ఈ జాతి పాలిమర్ చలికి గాజులా బిగుస్తుంది, వేడికి మరీ మెత్తబడుతుంది. రెండింటి మధ్య ఓ ఉష్ణోగ్రతల పట్టీలోనే దండిగా శక్తిని మింగుతుంది. మే నెల మధ్యాహ్నం రెంటచింతలలో నీడ లేకుండా నిలబెట్టిన కారు ఆ పట్టీని ఎప్పుడో దాటేసి ఉంటుంది. చవకని తారు షీట్లు వేయించుకున్నవాళ్లకు ఎండకు వచ్చే తారు వాసన కూడా తెలుసు. మనవాళ్లేమో షాపులో ‘ఎన్ని ఎమ్మెమ్?’ అని అడుగుతారు. మందం ఒక్కటే కాదు, ఎంత వేడిలో పనిచేస్తుందో, పై రేకు ఎంత గట్టిదో కూడా అడగాలి. డోరంతా కప్పేయక్కర్లేదు, బాగా ఊగే చదును భాగం చాలు. ఇంకో మాట, ఇది రేకు ఊపును ఆపుతుందే తప్ప పక్క లారీ హారన్‌ను ఆపదు.

డబ్బు పెట్టక్కర్లేని డ్యాంపింగ్ ఒకటి బండిలో ముందే ఉంటుంది. చాలా కార్లలో బ్రేక్ ప్యాడ్ వెనక రబ్బరు పొర పట్టిన పలచటి ఉక్కు బిళ్ల, షిమ్, ఉంటుంది. ప్యాడ్లు మార్చేటప్పుడు కొందరు మెకానిక్‌లు దాన్ని పాత ప్యాడ్‌తో పాటే పారేస్తారు. వారం తిరక్కుండా బ్రేక్ కీచుమంటుంది. మళ్లీ వెళ్తే ప్యాడ్ మంచిది కాదంటారు, ఇంకో సెట్ కొనిపిస్తారు. ఈసారి ప్యాడ్లు మార్పిస్తే పక్కనే నిలబడి అడగండి: ‘షిమ్ వేశావా తమ్ముడూ?’