ముందు డోలు, తర్వాతే సన్నాయి

పెళ్లిళ్ల రోజుల్లో అన్నవరం రత్నగిరి మీద ఒక జంటకి తాళి కడుతుంటే, పక్కనే ఇంకో జంట జీలకర్రా బెల్లం పెట్టుకుంటూ ఉంటుంది. పురోహితుడు ‘భజంత్రీలు’ అని కేకేయగానే డోలు, సన్నాయి ఒక్కసారిగా అందుకుంటాయి. చెవుడు వల్ల చెవిలో కాక్లియర్ ఇంప్లాంట్ అనే వినికిడి పరికరం అమర్చిన నాలుగేళ్ల పిల్లకి ఆ మేళంలో ఏం వినిపిస్తుంది?

డోలు దెబ్బ బాగానే అందుతుంది. అమెరికాలోని అయోవా విశ్వవిద్యాలయంలో సంగీత చికిత్సకురాలు కేట్ గ్ఫెల్లర్ చేసిన పరిశోధనల్లో ఇదే తేలింది: నడక, లయ పట్టుకోవడంలో ఇంప్లాంట్ ఉన్నవాళ్లు మిగతావాళ్లకి దాదాపు దీటుగానే ఉంటారు. చిక్కంతా సన్నాయి దగ్గర. సహజమైన చెవిలో మెదడుకి శబ్దాన్ని చేరవేసే లోపలి రోమకణాలు సుమారు 3,500. వాటి పనంతా ఇంప్లాంట్‌లో 12 నుంచి 22 ఎలక్ట్రోడ్లు చేయాలి. ఎదుటివాళ్ల మాట అర్థం కావడానికి అవి చాలుతాయి, గమకాలకి చాలవు. 1978లో మెల్‌బోర్న్‌లో గ్రేమ్ క్లార్క్ బహుళ ఎలక్ట్రోడ్ల ఇంప్లాంట్ అమర్చిన నాటి నుంచీ ఈ పరికరం గురి ముందుగా మాట మీదే.

అలాగని ఈ పిల్లలకి సంగీతమెందుకని వదిలేయడం అన్యాయం. లయ నేర్పితే మాటకీ మేలేనన్నది ఈ కాలమ్ నమ్మకం. తెలుగులో హ్రస్వమో దీర్ఘమో, ద్విత్వం ఉందో లేదో తేల్చేది కాలమే. కలం, కాలం, గడి, గడ్డి. ఆ తేడా లయ తెలిసిన చెవికి త్వరగా చిక్కాలి. చెమ్మచెక్క ఆడించినా, రెండు చప్పట్ల మధ్య ఆగి ‘ఇప్పుడు నువ్వు’ అన్నా ఆ సాధనే జరుగుతుంది.

2007లో మొదలైన ఆరోగ్యశ్రీ పుణ్యమా అని లక్షల ఖరీదు చేసే ఇంప్లాంట్ ఆపరేషన్ పేదింటి పిల్లలకీ అందింది. దాని వెంట ఆడిటరీ వెర్బల్ థెరపీ ఉంటుంది. అంటే వినడం ద్వారా మాట నేర్పడం. ఆ థెరపీ గదిలోకి వారానికోసారి ఒక డోలు కళాకారుణ్ని పిలవాలి. గోదావరి జిల్లాల్లో మేళగాళ్లకి కొదవలేదు. నెమ్మదిగా, వేగంగా, గట్టిగా, మెల్లగా వాయించి చూపితే పిల్లలు అడుగులేస్తూ నేర్చుకుంటారు. పరికరం ఓర్చుకునే మోత ఎంతన్నది మాత్రం ఆడియాలజిస్టునే అడగాలి.

ఫిన్లాండ్‌లో రిత్వా తోర్ప్పా బృందం 2014లో ప్రచురించిన అధ్యయనంలో, తరచూ పాడే ఇంప్లాంట్ పిల్లల మెదడు సంగీత ధ్వనుల్లో మార్పులని చురుగ్గా గమనించింది. పాడటం వల్లే ఆ చురుకు వచ్చిందా, చురుకున్న పిల్లలే ఎక్కువ పాడారా అన్నది అంత తేలిగ్గా విడదీయలేం. అయినా పాడించడానికి ఖర్చేమీ లేదు. వాద్యం మీద వట్టి రాగం వినిపించి ‘ఇది ఏ పాటో చెప్పు’ అని పరీక్ష పెట్టకూడదు. ఈ పిల్లలు పాటని ఎక్కువగా మాటల్ని బట్టే గుర్తుపడతారు. టీవీ కట్టేసి, దగ్గర కూర్చోబెట్టుకుని, మాటలున్న పాటని ఒక్క గొంతుతో పాడాలి. అమ్మమ్మ పాడినా సరే, తాతయ్య పాడినా సరే.