లెక్క తెలిసిన తాత్కాలికం

లినక్స్‌లో టీఎంపీఎఫ్‌ఎస్ అనే ఫైల్ సిస్టమ్‌కు కింద డిస్క్ ఉండదు. రాసినదంతా ర్యామ్‌లో నిలుస్తుంది, ర్యామ్ ఇరుకైతే స్వాప్‌లోకి జరుగుతుంది, అన్‌మౌంట్ చేస్తే పోతుంది. /రన్, /డెవ్/ఎస్‌హెచ్‌ఎం చాలాకాలంగా దీని మీదే నడుస్తున్నాయి. డెబియన్ 13 నుంచి /టెంప్ కూడా ఇందులోకే వచ్చింది. రోజూ వాడుతూ కూడా మనం పట్టించుకోని ఈ ఫైల్ సిస్టమ్‌లో పనితనమంతా మౌంట్ ఆప్షన్లలో ఉంది.

దీనికి ముందు ర్యామ్‌ఎఫ్‌ఎస్ ఉంది. 2000లో లైనస్ టోర్వాల్డ్స్ రాసిన చిన్న కోడ్ అది. దానికి హద్దు లేదు, స్వాప్ తెలియదు. ర్యామ్ నిండేదాకా రాసుకుంటూ పోవచ్చు. సైజ్ ఇంత అని మౌంట్ లైన్‌లో రాస్తే కాదనదు, అలాగని పాటించదు. తెలియని ఆప్షన్లను వదిలేయడం దాని పాత అలవాటనీ, టీఎంపీఎఫ్‌ఎస్ లేని చిన్న కర్నెళ్లలో దాని బదులు వాడుతున్నందున ఆ అలవాటు మార్చడం లేదనీ కోడ్‌లోనే కామెంట్ ఉంది. నిజాయతీ గల కామెంటే, కానీ అడ్మిన్‌కు అది ఉచ్చు. 2001లో, 2.4 కర్నెల్ కాలంలో, క్రిస్టోఫ్ రోలాండ్ చేతిమీదుగా రూపుకట్టిన టీఎంపీఎఫ్‌ఎస్ అలా కాదు. అర్థంకాని ఆప్షన్ ఇస్తే మౌంటే చేయదు.

మొదటి ఆప్షన్ సైజ్. బైట్లలో రాయవచ్చు, కె, ఎం, జి తగిలించవచ్చు, శాతంలోనూ చెప్పవచ్చు. ఏమీ చెప్పకపోతే 50 శాతం, అంటే ర్యామ్‌లో సగం. ఈ లెక్కలో స్వాప్ కలవదు. శాతం ఉండటం వల్ల ఒకే లైన్ 2 జీబీ బోర్డుకూ 64 జీబీ సర్వర్‌కూ సరిపోతుంది. ఈ సగాన్ని ముందే పక్కన పెట్టి ఉంచదు. రాసినప్పుడే పేజీలు తీసుకుంటుంది, ఫైల్ చెరిపితే వెనక్కి ఇచ్చేస్తుంది. సైజ్ అనేది కేవలం గీత. సున్నా అని రాస్తే ఆ గీత కూడా ఉండదు. మెమరీకి మించి పెంచితే మెషిన్ బిగుసుకుపోతుందని కర్నెల్ డాక్యుమెంటేషన్ సూటిగా హెచ్చరిస్తుంది. ఎందుకంటే, మెమరీ అయిపోయినప్పుడు ఏదో ఒక ప్రాసెస్‌ను చంపి జాగా చేసే యంత్రాంగం ఈ ఫైళ్లను మాత్రం ముట్టుకోలేదు.

మరి సైజ్ ఒక్కటి చాలదా? చాలదు. ఖాళీ ఫైల్‌కు డేటా పేజీ ఒక్కటీ అక్కర్లేదు, కానీ దాని ఐనోడ్ కర్నెల్ మెమరీని తింటుంది, ఆ మెమరీ స్వాప్‌కు పోదు. లక్షల కొద్దీ ఖాళీ ఫైళ్లు సృష్టించే ప్రోగ్రామ్ సైజ్ గీత దాటకుండానే మెషిన్‌ను ముంచగలదు. అందుకే ఎన్‌ఆర్_ఐనోడ్స్ అని రెండో హద్దు పెట్టారు. మనం చెప్పకపోతే ర్యామ్ పేజీల సంఖ్యలో సగం: 8 జీబీ, 4 కేబీ పేజీలు అనుకుంటే దాదాపు 10 లక్షలు.

నాకు అన్నిటికన్నా నచ్చింది రీమౌంట్. మెషిన్ నడుస్తుండగానే, ఫైళ్లు తెరిచి ఉండగానే, సైజ్ పెంచవచ్చు, తగ్గించవచ్చు. ఇప్పటికే వాడిన దానికంటే తక్కువకు దించబోతే ఒప్పుకోదు, ఒక్క ఫైల్‌నూ కత్తిరించదు. ఇంకో తిరస్కారం దీనికంటే సూక్ష్మమైనది. హద్దు లేకుండా మౌంట్ చేసి, తర్వాత హద్దు పెట్టబోతే, ఎంత ఉదారమైన సంఖ్య ఇచ్చినా సరే, కాదంటుంది. ఇది మొండితనం కాదు. హద్దు లేనప్పుడు వాడకం ఎంతో అది లెక్కపెట్టదు. పద్దు రాయని కొట్టువాడు బాకీ ఎంతో ఎలా చెబుతాడు? తెలియని లెక్కను ఊహించి ‘సరే’ అనడం కంటే ‘చేయలేను’ అనడం మేలని కోడ్ రాసినవారు తేల్చుకున్నారు. కారణం కూడా కామెంట్‌లో రాసిపెట్టారు.

మోడ్, యూఐడీ, జీఐడీ రీమౌంట్‌లో పనిచేయవు. అవి పుట్టినప్పటి అనుమతులు. ఆ తర్వాత మార్చాలంటే మామూలు సీహెచ్‌మోడ్, సీహెచ్‌ఓన్ ఉండనే ఉన్నాయి. మోడ్ ఇవ్వకపోతే 1777: ఎవరైనా ఫైల్ పెట్టవచ్చు, మరొకరి ఫైల్‌ను తీసేయలేరు. నోసూయిడ్, నోడెవ్, నోఎగ్జెక్ దీని సొంత సొత్తు కావు, ఏ ఫైల్ సిస్టమ్‌కైనా ఇచ్చేవే. నోఎగ్జెక్‌ను మరీ నమ్ముకోకండి, స్క్రిప్ట్‌ను షెల్‌కు అందిస్తే నడుస్తుంది. పాస్‌వర్డ్‌ల లాంటివి స్వాప్ ద్వారా డిస్క్‌కు చేరకూడదనుకునేవారికి 2023లో, 6.4 కర్నెల్‌తో, నోస్వాప్ వచ్చింది. ఆలస్యంగా వచ్చిందనే అంటాను.

లోపం ఒకటుంది. ఆ 50 శాతం ఒక్కో మౌంట్‌కు విడివిడిగా వర్తిస్తుంది. మూడు మౌంట్లు సైజ్ లేకుండా ఉంటే మూడు సగాలు. ఒకదాని గీత మరోదానికి తెలియదు. పైగా డిఫాల్ట్ సైజ్‌ను మౌంట్ల జాబితా చూపించదు, మార్చినదాన్నే చూపిస్తుంది. కాబట్టి మీ సర్వర్‌లో డీఎఫ్ కొట్టి టీఎంపీఎఫ్‌ఎస్ వరసలన్నిటి సైజులు కూడండి. ఆ మొత్తం ర్యామ్, స్వాప్ కలిపినదాన్ని దాటితే, మామూలు యూజర్లు రాయగలిగే మౌంట్ల నుంచి మొదలుపెట్టి సైజ్ మీరే రాయండి.