పోలిష్ ఇంటిపేర్లలో '-స్కీ' ప్రత్యయం: అర్థ పరిణామం

పోలిష్ ఇంటిపేరు చివర '-స్కీ' ఉంటే అది కులీనతకు గుర్తు అన్న అభిప్రాయం బహుళ ప్రచారంలో ఉంది. ప్రత్యయ చరిత్ర దీనిని పాక్షికంగానే సమర్థిస్తుంది.

'-స్కీ' మూలతః నామవాచకాల నుండి విశేషణాలను నిర్మించే తద్ధిత ప్రత్యయం. ఆదిమ స్లావిక్ '-ఇస్కు' దీనికి మూలం. రష్యన్, చెక్ భాషలలోని '-స్కీ' దీని సోదర రూపాలు. జర్మన్ '-ఇష్' సజాతీయ రూపం. టార్నూవ్ పట్టణాధిపతుల వంశనామం 'టార్నోవ్‌స్కీ'లో 'ఆ ఊరికి చెందిన' అన్న అర్థం స్పష్టం. ఊరిపై అధికారం గలవారికి ఊరిపేరే ఇంటిపేరు కావడం వల్ల కులీనతాస్ఫురణ ఏర్పడింది. అది ప్రత్యయార్థం కాదు, వాడుక వల్ల సంక్రమించినది. తరువాత సామాన్యులూ దీనిని స్వీకరించారు. కమ్మరి అనే అర్థమిచ్చే 'కొవాల్' నుండి 'కొవాల్‌స్కీ' ఏర్పడినప్పుడు ప్రత్యయం కేవలం ఇంటిపేరును సూచించే చిహ్నమైంది.

అర్థం క్షీణించినా విశేషణ స్వభావం నశించలేదు. అందుకే 1996లో నోబెల్ బహుమతి పొందిన కవయిత్రి ఇంటిపేరు 'షింబోర్స్కా', 'షింబోర్స్కీ' కాదు. వలస వెళ్ళిన కుటుంబాలలో స్త్రీలకు సైతం '-స్కీ' రూపమే స్థిరపడినచోట ఈ లింగబోధ లుప్తమైంది. కనుక '-స్కీ'ని హోదా చిహ్నంగా మాత్రమే చదివే విమర్శ, ఆ పేరులో సజీవంగా ఉన్న వ్యాకరణాన్ని విస్మరిస్తుంది.